అలసంద

అలసంద చిక్కుడు కుటుంబానికి చెందిన పప్పుపంట. శాస్త్రనామం విగ్నా ఉంగ్విక్యులాటా. కోస్తాలో దీన్నే బొబ్బర్లంటారు, తెలంగాణలో బొబ్బెర్లు, బెబ్బర్లు అంటారు. రాయలసీమలో అలసందలే, కొందరి నోట అలచందలు. లేతకాయ కూరకు వస్తుంది, ఎండుగింజ పప్పుకూ పిండివంటకూ వస్తుంది, తీగ పశువు మేస్తుంది, వేరు నేలకు బలమిస్తుంది. మెట్టచేలో ఇన్ని పనులకు వచ్చే మొక్కలు అరుదు.

రామసముద్రం మండలం పూర్వపు చిత్తూరు జిల్లాకు పడమటి అంచు. ఒక పక్క మదనపల్లె, ఇంకో పక్క పుంగనూరు, పడమర హద్దు దాటితే కర్ణాటకలోని కోలారు జిల్లా. ఇక్కడి నుంచి పుంగనూరు, పలమనేరు మీదుగా కుప్పం దాకా పరుచుకున్న మిట్టసీమను పడమటి మండలాలని పిలవడం వాడుక. మదనపల్లె సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది. ఎర్రనేల, రాళ్ళగుట్టలు, ఊరికో చెరువు, చెరువు కింద నాలుగు మళ్ళు, మిగిలిందంతా వాననే నమ్ముకున్న చేను. ఏడాది పొడుగునా పారే నది లేదు. తక్కువ వానతో గట్టెక్కే పంటలే ఇక్కడి తిండిని తీర్చిదిద్దాయి. వాటిలో రాగి పేరు అందరికీ తెలుసు. రాగి పక్కనే, ఎప్పుడూ రెండో వరసలో నిలబడి, ఆ తిండికి సత్తువ ఇచ్చిన గింజ అలసంద. రెండూ ఆఫ్రికాలో పుట్టినవే. రాగి తూర్పు ఆఫ్రికా ఎత్తుప్రాంతాల నుంచి, అలసంద అదే ఖండం నుంచి వేరే దారిలో వచ్చి, ఈ సీమ కంచంలో కలుసుకున్నాయి. ఆ కలయిక విలువ ఎంతటిదో ముందుముందు చూస్తాం.

పేరు

అలసంద అనే మాట తెలుగు ఒక్కదానిదే కాదు. రామసముద్రం నుంచి ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు వెళితే కన్నడంలోనూ అది అలసందె. కుప్పం దాటి తమిళనాడులో అడుగుపెట్టగానే మాట పూర్తిగా మారిపోయి కారామణి, తట్టపయిరు అవుతుంది. కుప్పం మూడు రాష్ట్రాలు కలిసే చోటు. 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని నెలకొల్పడానికి ఆ ఊరిని ఎంచుకోవడంలో అర్థం ఉంది. ఒక గింజ పేరు ఎక్కడి దాకా సాగుతుందో, ఎక్కడ ఆగుతుందో అక్కడి సంతలో నిలబడి వింటేనే తెలిసిపోతుంది. పడమటి మండలాల తెలుగు ఈ విషయంలో కోస్తా తెలుగు కంటే కోలారు కన్నడానికి దగ్గర. ఇల్లు, పొలం, వంటకు సంబంధించిన మాటల్లో భాష హద్దు కంటే నేల హద్దు బలమైనదని నా నమ్మకం. ఎర్రనేల, సంగటి, అలసంద హద్దుకు రెండు వైపులా ఒక్కటే.

ఈ మాట పుట్టుక గురించి ఒక ఊహ ప్రచారంలో ఉంది. పాలీ భాషలో అలెగ్జాండ్రియా పేరు అలసంద. యవన (గ్రీకు) రాజు మిళిందుడు తాను పుట్టింది అలసందలోనని చెప్పినట్టు మిళిందపన్హం అనే పాలీ గ్రంథంలో ఉంది. గింజ పేరూ ఊరి పేరూ ఒక్కలా ఉండటంతో ఈ పప్పు గ్రీకుల వెంట వచ్చిందని కొందరు ముడిపెట్టారు. వినడానికి బాగుంటుంది గాని పంట చరిత్ర దానికి ఒప్పదు. అలెగ్జాండర్ మన దేశపు వాయవ్య సరిహద్దుకు వచ్చింది క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలో. అలసంద అంతకు వెయ్యేళ్ళకు పైగా ముందే ఇక్కడి పొలాల్లో ఉంది. పేరు వెనక నుంచి వచ్చి చేరిందనుకున్నా, మొక్క మాత్రం ఏ సైన్యం వెంటా రాలేదు.

హిందీలో లోబియా, ఆ మాట పారసీ నుంచి వచ్చింది. మరాఠీలో చవళి, మలయాళంలో వన్‌పయర్. ఇంగ్లీషువారు పశువుల మేతను బట్టి కౌపీ అన్నారు, గింజ మీది మచ్చను బట్టి బ్లాక్ ఐడ్ పీ అన్నారు. అమెరికాలో స్థిరపడిన తెలుగువాళ్ళు దుకాణంలో ఆ పేర్లతోనో లోబియా అనో రాసిన సంచి కొనుక్కొచ్చి ఇంట్లో అలసందలనో బొబ్బర్లనో పిలుచుకుంటారు. ఆ రెండింటిలో ఏది వాడతారో దాన్ని బట్టి వాళ్ళ సొంతూరు ఏ వైపో ఊహించవచ్చు.

మొక్క, గింజ మీది కన్ను

1753లో లిన్నేయస్ ఈ మొక్కకు పేరు పెట్టినప్పుడు దీన్ని డోలికస్ ప్రజాతిలో చేర్చాడు. విగ్నా అనే ప్రజాతి 1824లో ఏర్పడింది. పదిహేడో శతాబ్దంలో పీసాలో పనిచేసిన డొమెనికో విగ్నా అనే వృక్షశాస్త్రవేత్త జ్ఞాపకంగా ఆ పేరు పెట్టారు. పెసర, మినుము కూడా ఈ ప్రజాతివే. అలసందకు వాటితో దగ్గర చుట్టరికం, రాజ్మాతో దూరపు చుట్టరికం మాత్రమే. రాజ్మా అమెరికా ఖండాల మొక్క.

ఆకు మూడు రెక్కలుగా ఉంటుంది. పూలు తెల్లగానో ఊదాగానో తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నం లోపలే ముడుచుకుంటాయి. ఎక్కువగా స్వపరాగ సంపర్కమే కాబట్టి ఒక ఇంటి విత్తనం ఏళ్ళ తరబడి అదే గుణంతో నిలబడుతుంది. రైతు తన విత్తనం తానే దాచుకోగలగడానికి కారణం ఇదే. రకాన్ని బట్టి 60 నుంచి 90 రోజుల్లో కోతకొస్తుంది. కొన్ని గుబురుగా నిలబడతాయి, కొన్ని తీగసాగుతాయి. తూర్పు, ఆగ్నేయ ఆసియాలో కూరగాయగా పెంచే రకం కాయ అర మీటరుకు పైగా పొడుగొస్తుంది. అది వేరే జాతి కాదు, ఇదే.

గింజలో తెలుపు, గోధుమ, ఎరుపు, నలుపు, చుక్కలవి అన్నీ ఉన్నాయి. గింజ కాయకు అంటుకుని ఉండే బొడ్డు చుట్టూ నల్లరంగు చేరితే అది కన్నులా కనిపిస్తుంది. ఆ కన్ను చిన్నదా పెద్దదా, గింజంతా పాకుతుందా అన్నది వారసత్వంగా వచ్చే గుణం. మెండెల్ సూత్రాలు మళ్ళీ వెలుగులోకి వచ్చిన తొలి రోజుల్లోనే, 1911లో, అమెరికా శాస్త్రవేత్త డబ్ల్యూ.జె. స్పిల్‌మన్ ఈ కన్ను ఎలా సంక్రమిస్తుందో వ్యాసం ప్రకటించాడు. 22 క్రోమోజోములున్న ఈ మొక్క పూర్తి జన్యుపటం 2019లో వెలువడింది.

చేను

పడమటి మండలాల్లో అలసంద ఒంటరి పంటగా పరుచుకున్న చేను తక్కువ. చెనిక్కాయ (వేరుశనగ) చేలో కంది, అనప, అలసంద సాళ్ళుగా కలిపి విత్తడం పాత పద్ధతి. జూన్, జులై వానలకు పదును కాగానే విత్తనం పడుతుంది. ఒక పంట ఎండినా ఇంకొకటి చేతికొస్తుందన్న ముందుచూపు అందులో ఉంది. చెనిక్కాయ అమ్మకానికి, సాళ్ళలో పండింది ఇంటికి. ఆ సాళ్ళ పంటను ఏరుకోవడం, ఎండబెట్టడం, కొట్టి చెరగడం, విత్తనానికి మంచి గింజ పక్కన పెట్టడం చాలామటుకు ఆడవాళ్ళ చేతుల మీదుగా సాగేది. ఇంటి పప్పు ఎంత నిలవ ఉందో వాళ్ళకే తెలిసేది.

అలసంద వేరు లోతుకు దిగుతుంది, పైన తేమ ఆరినా కింది చెమ్మను అందుకుంటుంది. వేరు బుడిపెల్లో ఉండే బ్యాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి నేలకు చేరుస్తుంది. ఆకు నేలను కమ్మేసి ఎండకు మట్టి కాలకుండా, వాన దెబ్బకు కొట్టుకుపోకుండా కాపాడుతుంది. వానలు ఆలస్యమై చెనిక్కాయ విత్తే అదను దాటిపోయిన ఏడు వ్యవసాయశాఖ ప్రత్యామ్నాయ పంటలుగా ఉలవలతో పాటు అలసంద విత్తనాన్ని రాయితీ మీద ఇవ్వడం రాయలసీమ రైతులకు తెలిసిందే.

రోగాలు లేకపోలేదు. పేనుబంక లేతకొమ్మ రసం పీలుస్తుంది, పల్లాకు తెగులు ఆకును పసుపు చేస్తుంది. అన్నిటికంటే చేటు మారుకా మచ్చల పురుగు. పూతను, లేతకాయను గూడుకట్టి లోపలి నుంచి తినేస్తుంది కాబట్టి మందు తగలదు. ఆఫ్రికాలో కూడా ఈ పురుగే ప్రధాన శత్రువు. దాన్ని తట్టుకునే జన్యుమార్పిడి అలసందకు నైజీరియా 2019లో అనుమతి ఇచ్చింది.

కూరగాయకు పెంచే రకాల్లో ఢిల్లీ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా కోమల్, బెంగళూరు దగ్గరి ఉద్యాన పరిశోధన సంస్థ ఇచ్చిన అర్క గరిమ తెలిసిన పేర్లు. గింజకు కర్ణాటకలో పేరుపడ్డ సి-152 ఉంది.

సంగటి పక్కన

ఈ సీమ తిండికి నడుము రాగిసంగటి. సంగటి నమిలే తిండి కాదు, ముద్ద తుంచి పులుసులో అద్ది మింగేది. కాబట్టి పక్కన ఉండేది పలచగానో జారుగానో ఉండి, ఘాటుగా, పుల్లగా, ముద్దకు పట్టుకునేలా ఉండాలి. అలసంద ఆ పనికి ఎంత బాగా సరిపోతుందో చెప్పాలంటే దాని ఉడుకు గుణం చెప్పాలి. కందిబేడల్లా పూర్తిగా కరిగిపోదు, ఉలవల్లా గట్టిగా మిగిలిపోదు. సగం గింజలు మెదిగి పులుసును చిక్కబరుస్తాయి, మిగతా సగం పంటి కిందికి వస్తాయి.

అలసంద పులుసుకు గింజల్ని ముందు పొడిగా కాస్త వేయించి నానబెట్టేవాళ్ళున్నారు, నేరుగా నానబెట్టేవాళ్ళున్నారు. వేయిస్తే పచ్చివాసన పోయి కమ్మదనం వస్తుంది. ఉడికిన గింజల్లో వంకాయో ఉర్లగడ్డో పడుతుంది. ఎర్రగడ్డ, తెల్లగడ్డ, ధనియాలు, ఎండుమిరపకాయ, కొబ్బరి నూరిన కారం, చింతపండు రసం, చివర ఆవాలు కరివేపాకు తాళింపు. కోలారు వైపు సారు, మన వైపు పులుసు. మొలకెత్తించిన గింజలతోనూ ఇదే చేస్తారు, దానికి కాస్త తీపి తగులుతుంది. చేలో కాయ పాలుపోసుకుని గింజ నిండిన రోజుల్లో పచ్చిగింజలు ఒలిచి వండిన పులుసు రుచి ఎండుగింజకు రాదు. లేతకాయను తుంచి తాళింపు వేసి, చెనిక్కాయల పొడి చల్లితే అది వేరే కూర.

పచ్చిగింజ విషయంలో ఈ ప్రాంతానికి అలసంద కంటే అనపకాయ మీద మక్కువ ఎక్కువన్నది ఒప్పుకోవాలి. డిసెంబరు, జనవరి మంచులో అనపగింజలు నానబెట్టి తోలు పితికి చేసే పితికిపప్పుకు సాటి లేదంటారు. అయితే అనప కాలం కొద్దిది, అలసంద ఏడాది పొడుగునా ఇంట్లో ఉంటుంది. అనప పుట్టిల్లు కూడా ఆఫ్రికాయే.

గుగ్గిళ్ళు పిల్లల తిండి, పండగల తిండి. ఉప్పు వేసి ఉడికించి, నీళ్ళు వార్చి, మిరపకాయ కరివేపాకు తాళింపు పెట్టి, పచ్చికొబ్బరి తురుము చల్లుతారు. దసరా తొమ్మిది రోజుల్లో రోజుకో పప్పుతో గుగ్గిళ్ళు పెట్టే ఇళ్ళలో ఒక రోజు అలసందలది. నిమ్మకాయ పిండుకుంటే రుచికే కాదు, ఒంటికి కూడా మేలు. ఆ పులుపులోని సి విటమిను గింజలోని ఇనుము ఒంటికి పట్టేలా చేస్తుంది.

ఒడ

కోస్తాలో పండగంటే మినపగారె. బొబ్బరగారె అక్కడ రెండో పేరు. రాయలసీమలో పండగ ఒడ అంటే అలసంద ఒడే. సంక్రాంతికైనా ఉగాదికైనా పెద్దలకు పెట్టుకునే రోజుకైనా ఓళిగలు, పాయసం, అలసంద ఒడలు కలిసి రావాలి. ఒడను తుంచి పాయసంలో నంచుకోవడం ఒక అలవాటు. మాంసం తినే ఇళ్ళలో నాటుకోడి పులుసులో ముంచుకోవడం ఇంకో అలవాటు. ఈ రెండో జోడీని ఇప్పుడు రాయలసీమ రుచుల పేరుతో నడిచే నగరపు హోటళ్ళు తమ ప్రత్యేకతగా చెప్పుకుంటున్నాయి.

ఒడకు గింజను నాలుగైదు గంటలు నానబెడితే చాలు. రాత్రంతా నానితే నీళ్ళు ఎక్కువ తాగి, పిండి జారై, బాణలిలో నూనె పీలుస్తుంది. నానిన గింజను చేతులతో పిసికి కొంత పొట్టు తీసేసేవాళ్ళున్నారు, పొట్టుతోనే రుబ్బేవాళ్ళూ ఉన్నారు. అసలు మెలకువ రుబ్బడంలో ఉంది. నీళ్ళు పొయ్యకూడదు. పచ్చిమిరపకాయ, అల్లం, జీలకర్ర, ఉప్పు ముందు నూరి, వడగట్టిన గింజను కొద్దికొద్దిగా వేస్తూ బరకగా ఆపెయ్యాలి. అక్కడక్కడ పగలని గింజ ముక్క కనబడుతూ ఉండాలి. తరిగిన ఎర్రగడ్డ, కరివేపాకు, కొత్తిమీర చివర్లో కలుపుతారు, ముందే కలిపితే నీరు వదులుతుంది. అరటాకు మీదో తడి గుడ్డ మీదో పలచగా తట్టి చెనిక్కాయ నూనెలో కాలిస్తే పైన కరకరలాడుతూ లోపల మెత్తగా వస్తుంది. మినపపిండిలో జిగురు, గాలి ఒడను పొంగిస్తాయి. అలసంద పిండికి ఆ జిగురు తక్కువ, బరకదనమే దాని బలం. మిక్సీలో మెత్తగా తిప్పేసిన పిండితో చేసిన ఒడ రంగు వస్తుందే గాని ఆ కరుకు రాదు. రోలు ఉన్న ఇంట్లో పండగ పూట ఇప్పటికీ రోలే వాడటానికి కారణం మొండితనం కాదు, నాలుక ఎరిగిన తేడా.

సముద్రాల అవతలి ఒడలు

అలసందను మనిషి మచ్చిక చేసుకున్నది ఆఫ్రికాలో. పశ్చిమ ఆఫ్రికాలోని ఘానాలో, కింటాంపో సంస్కృతి స్థలాల్లో దొరికిన మాడిన గింజలు క్రీస్తు పూర్వం 1800 ప్రాంతానివి. ఇంతవరకు తెలిసిన పాత ఆనవాళ్ళలో అవి ముందు వరసవి. ఆ తరవాత కొద్ది శతాబ్దాల్లోనే, క్రీస్తు పూర్వం 1500 ప్రాంతానికి, జొన్న, సజ్జ, రాగి వంటి ఆఫ్రికా పంటలతో పాటు అలసంద భారతదేశం చేరింది. దక్కను మెట్ట వ్యవసాయానికి కొత్త ఊపిరి పోసిన పంటలివి. ఇక్కడికి వచ్చాక కొత్త రూపాలు కూడా తెచ్చుకుంది. పొడుగుకాయ రకం ఆసియాలో రూపుదిద్దుకున్నదే.

ఈ రోజు ప్రపంచపు అలసందల్లో తొంభై శాతానికి పైగా ఆఫ్రికాలోనే పండుతున్నాయి. నైజీరియా మొదటిది, నైజర్ తరవాతిది. నైజీరియాలో యొరుబా వాళ్ళు అలసందను నానబెట్టి, పొట్టు తీసి, మిరపకాయ ఎర్రగడ్డలతో రుబ్బి నూనెలో వేయించే తిండి పేరు అకారా. చదివిన వెంటనే పుంగనూరు వాళ్ళకు తమ ఒడ గుర్తుకొస్తుంది. తేడా ఒక్కటే. వాళ్ళు పిండిని మెత్తగా రుబ్బి, గాలి పట్టేదాకా గిలకొట్టి చెంచాతో జారవిడుస్తారు. మనవాళ్ళు బరకగా ఉంచి తట్టి వేస్తారు. ఒకరి దగ్గర ఇంకొకరు నేర్చుకున్నారని చెప్పడానికి ఆధారం లేదు, అవసరం కూడా లేదు. గింజ ఒకటే అయినప్పుడు చేతులు ఒకే దారి పట్టడంలో వింత లేదు.

అట్లాంటిక్ దాటిన కథ వేరు. అది బానిసల ఓడల్లో జరిగింది. ఆఫ్రికా నుంచి సంకెళ్ళతో తరలించిన మనుషుల వెంట ఈ గింజా వెళ్ళింది. బ్రెజిల్‌లోని బాహియాలో అకారా అకరజే అయింది, తాటిజాతి పామాయిలులో వేగి, రొయ్యలతో నిండి, సాల్వడార్ వీధుల్లో తెల్లబట్టల ఆడవాళ్ళ గంపల్లోకి చేరింది. ఆ ఆడవాళ్ళ వృత్తిని 2005లో బ్రెజిల్ ప్రభుత్వం జాతీయ వారసత్వంగా నమోదు చేసింది. ఒడ చేసే చేతి పనికి ఒక దేశం అంత మర్యాద ఇచ్చింది.

అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో అలసందలు బియ్యం కలిపి వండే హాపిన్ జాన్ కొత్త సంవత్సరం రోజు తిండి. పత్తి పీల్చేసిన అలబామా నేలలకు బలం తేవడానికి నల్లజాతి రైతులకు వ్యవసాయ శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ గట్టిగా చెప్పిన పంటల్లో అలసంద ఉంది. 1917లో ఆయన టస్కీగీ నుంచి అలసందను ఎలా పండించాలో, నలభై విధాలుగా ఎలా వండాలో చెప్పే కరపత్రం వెలువరించాడు. ఆయన పేరు లోకానికి తెలిసింది వేరుశనగ వల్ల. రామసముద్రం చేలో ఆ రెండూ పక్కపక్క సాళ్ళలోనే ఉన్నాయి.

ఒంటికి ఇచ్చేది

వంద గ్రాముల ఎండు అలసందల్లో సుమారు 23.5 గ్రాముల మాంసకృత్తులు, 60 గ్రాముల పిండిపదార్థాలు, అందులో 10 గ్రాములకు పైగా పీచు, 8 మిల్లీగ్రాముల ఇనుము, 336 కిలోకేలరీల శక్తి ఉన్నాయి. కొవ్వు చాలా తక్కువ. ఫోలేటు 600 మైక్రోగ్రాములకు పైమాటే. గర్భంలోని బిడ్డ వెన్ను, మెదడు సరిగా రూపుకట్టడానికి ఫోలేటు అవసరం. ఉడికించడంలో కొంత పోయినా ఇంకా బాగానే మిగులుతుంది.

రాగి, అలసందల జోడీ బలం ఇక్కడ తెలుస్తుంది. ధాన్యాల్లో లైసిన్ అనే అమైనో ఆమ్లం తక్కువ, అలసందలో అది సమృద్ధి. అలసందలో గంధకం ఉన్న మెథియోనిన్ తక్కువ, రాగిలో అది మెరుగ్గా ఉంటుంది. పాలు, మాంసం రోజూ దొరకని ఇళ్ళలో సంగటి ముద్ద, అలసంద పులుసు కలిసి ఒకదాని లోటు ఇంకొకటి పూడ్చాయి. రాగిలో సున్నం ఎక్కువ, అలసందలో ఇనుము ఎక్కువ. ఏ పుస్తకమూ చదవకుండా ఈ జతను నిలబెట్టిన తరాల తిండి తెలివిని పేదల తిండి అని కొట్టిపారెయ్యడం అన్యాయం.

కడుపు ఉబ్బరం చేస్తుందన్న మాటలో నిజం ఉంది. రాఫినోజ్, స్టాకియోజ్ అనే చక్కెరలు చిన్నపేగులో అరగవు, పెద్దపేగులో బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గాలి పుట్టిస్తుంది. నానబెట్టిన నీళ్ళు పారబోసినా, మొలకెత్తించినా ఆ చక్కెరలు తగ్గుతాయి.

సాళ్ళు పలచబడ్డాక

బోరుబావులు వచ్చాక పడమటి మండలాల వ్యవసాయం మారిపోయింది. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశంలోనే పెద్దవాటిలో ఒకటి. రామసముద్రం చుట్టుపక్కల టమోటా, మల్బరీ, పాడి ఆవులు ముందుకొచ్చాయి. డ్రిప్పు గొట్టాల మీద నడిచే టమోటా తోటలో అలసంద సాలుకు చోటు లేదు. చెనిక్కాయ విస్తీర్ణం తగ్గేకొద్దీ దాని నీడన బతికిన సాళ్ళ పంటలూ పలచబడ్డాయి. పాడి పెరగడం వల్ల మాత్రం అలసందకు ఇంకో దారి తెరుచుకుంది. జొన్న, మొక్కజొన్నలతో కలిపి పచ్చిమేతగా విత్తితే ఆవుకు మాంసకృత్తులు అందుతాయి.

కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పప్పుధాన్యాలు ఐదు: కంది, పెసర, మినుము, శనగ, మసూరు. అలసంద లేదు. దేశపు లెక్కల్లో అది ఇతర పప్పుల్లో కలిసిపోతుంది. సాళ్ళలో పండి ఇంట్లోనే ఖర్చయ్యే పంటను ఎకరాల్లో కొలవడం కష్టమే. కానీ కొలవనిదాన్ని ఎవరూ కాపాడరు. టమోటా ధర పడిపోయిన ఏడు రైతు ఇంట్లో ఉడికే పప్పు ఎక్కడి నుంచి వస్తుందో లెక్క రాసేవాళ్ళు అడగాలని నేను కోరుకుంటాను.

పురుగు, నిలవ

అలసందకు చేలో కంటే ఇంట్లోనే ఎక్కువ గండం. పుచ్చుపురుగు ఎండుగింజ మీద గుడ్డు పెడుతుంది, పిల్లపురుగు తొలుచుకుని లోపలికి పోయి గింజను తిని గుండ్రటి రంధ్రం చేసుకుని బయటికొస్తుంది. కాయ చేలో ఎండుతున్నప్పుడే ఇది మొదలవుతుంది కాబట్టి కోత ఆలస్యం చెయ్యకూడదు, ఎండలో బాగా కాయాలి. ఇంటి పద్ధతులు అనేకం: వేపాకు కలపడం, బూడిద కలపడం, ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టడం, ఆముదం రాయడం. బూడిద గింజల సందుల్ని పూడ్చి పురుగు కదలికను ఆపుతుంది, నూనె పొర గుడ్డుకు గాలి అందకుండా చేస్తుంది. తినే గింజకు ఒక పద్ధతి, విత్తనానికి ఇంకొకటి.

ఇదే చిక్కుకు కామెరూన్‌లో పనిచేసిన శాస్త్రవేత్తలు 1980ల చివర మూడు పొరల గాలిచొరబడని సంచిని రూపొందించారు. లోపలి రెండు పొరలు ప్లాస్టిక్కువి, బయటిది నేతసంచి. గింజ నింపి గట్టిగా మూతికట్టేస్తే లోపల ఉన్న ప్రాణవాయువును పురుగే పీల్చుకుని, మిగిలింది చాలక ఎండిపోయి చస్తుంది. మందు అక్కర్లేదు. ఒక చిన్న రంధ్రం పడితే మాత్రం పని చెయ్యదు, అందుకని ఎలుకలు తిరిగే చోట ఆ సంచుల్ని పెట్టకూడదు.